రైలు కట్టిన ఊళ్లకు ఓ మ్యూజియం

మేడిపల్లి, పీర్జాదిగూడ, బోడుప్పల్ వైపు కాపురముంటున్న వాళ్ల ఇంటికి ఊరి నుంచి చుట్టాలొస్తే ఏం చూపించాలన్న దాని మీద పెద్దగా ఆలోచన ఉండదు. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, గోల్కొండ, బిర్లా మందిరం, ఓపికుంటే రామోజీ ఫిల్మ్ సిటీ. బడి పిల్లల విహారయాత్రలూ దాదాపు అటే పోతాయి. ఉప్పల్ రింగురోడ్డు దాటి నగరం లోపలికి వెళ్తే తప్ప చూడదగ్గ చరిత్ర లేదన్న అభిప్రాయం ఈ తూర్పు శివార్లలో స్థిరపడిపోయింది. ఇక్కడ కనిపించేవి వెంచర్లు, అపార్ట్‌మెంట్లు, వరంగల్ హైవే మీద బారులు తీరిన బస్సులు. రాజులు కట్టించినవే చరిత్ర అనుకుంటే ఈ అభిప్రాయంలో తప్పు లేదు. కానీ హైదరాబాదు ఆధునిక నగరంగా మారడానికి కావలసిన కష్టంలో పెద్ద భాగం జరిగింది ఈ తూర్పు దిక్కునే. రైలు పెట్టెలు బాగుచేసిన వర్క్‌షాపు ఇక్కడే ఉంది. ఇంజన్లు నిలిపిన షెడ్లు, టీవీలు, ఓటింగు యంత్రాలు తయారైన కర్మాగారాలు, భూమి పొరలను పరీక్షించిన ప్రయోగశాలలు, నగరంలోని పాడి పశువులకు గడ్డి పండించిన మూసీ ఒడ్డు పొలాలు కూడా ఇటువైపే ఉన్నాయి. ఈ చరిత్రను చూపించే చోటు మాత్రం ఇక్కడ లేదు. ఆ చోటు స్టేషన్ల లోపల, షెడ్ల పక్కన, అంటే పని జరిగిన చోటే ఏర్పడాలన్నది ఈ వ్యాసం వాదన. పాత రైల్వే కట్టడాలను బాగుచేసి స్థానిక మ్యూజియాలుగా నిలబెట్టడం డబ్బున్న దేశాల ముచ్చట అని చాలామంది కొట్టిపారేస్తారు. దగ్గర్లో ఉన్న ఉదాహరణలు చూస్తే ఆ మాట నిలవదు.

ముందు రైలు సంగతి. నిజాం రాజ్యంలో మొదటి రైలు మార్గం వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో వచ్చింది. బొంబాయి వైపు పోయే ప్రధాన మార్గానికి హైదరాబాదును కలపడం దాని ఉద్దేశం. తూర్పు వైపు పట్టాలు పడింది ఆ తర్వాతే. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1886 నాటికి వరంగల్ దాకా, 1888లో డోర్నకల్ మీదుగా సింగరేణి బొగ్గు గనుల దాకా, 1889లో బెజవాడ దాకా లైను వెళ్లింది. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్ ఈ లైను మీది ఊళ్లే. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని గుర్తించకపోతే ఈ పట్టాలు ఇంత త్వరగా ఇటు వచ్చేవా అన్నది అనుమానమే. బొగ్గు కోసం రైలు, రైలు కోసం బొగ్గు అన్నట్టుగా సాగింది ఆ కాలం. లైను పెరిగాక పెట్టెల్ని బాగుచేసే చోటు కావాలి గదా, అందుకని 1893లో లాలాగూడలో క్యారేజ్ వర్క్‌షాపు మొదలైంది. దాని చుట్టూ క్వార్టర్లు లేచాయి, మెట్టుగూడ రైల్వే వాళ్ల పేటగా పెరిగింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను తన చేతుల్లోకి తీసుకుంది. ఆ రైల్వే శాఖే 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగం మొదలుపెట్టింది. ఇవాళ ఉప్పల్‌లో వరంగల్ బస్సు కోసం ఎదురుచూసే జనం ఎక్కే ఆర్టీసీకి మూలం అదే. 1951లో నిజాం రైల్వే కేంద్ర ప్రభుత్వపు సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. నూట ముప్ఫై ఏళ్లు దాటినా లాలాగూడ వర్క్‌షాపు నేటికీ పనిచేస్తూనే ఉంది.

ఈ కథను ఎక్కడికి వెళ్లి చూడాలి? నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర పురావస్తు మ్యూజియం గొప్ప సంస్థ. 1914లో గులాం యజ్దానీ ఆధ్వర్యంలో మొదలైన పురావస్తు శాఖ కృషి అంతా అక్కడ కనిపిస్తుంది. శాసనాలు, శిల్పాలు, అజంతా చిత్రాల నకళ్లు, ఈజిప్టు మమ్మీ కూడా ఉన్నాయి. 1951లో తెరిచిన సాలార్‌జంగ్ మ్యూజియం ఒక కుటుంబం ప్రపంచమంతా తిరిగి కొని పోగేసిన కళాఖండాలది. పానగల్లు, కొలనుపాక, ఆలంపూర్ లాంటి చోట్ల ఉన్న మ్యూజియాలు ఆయా ఊళ్లలో దొరికిన విగ్రహాలనూ శాసనాలనూ కాపాడుతున్నాయి. వీటి పని వీటికి ఉంది, ఆ పని బాగానే చేస్తున్నాయి. కాకపోతే ఒక ఫిట్టరు వాడిన పానా, ఒక గార్డు ఊపిన దీపం, ఒక గ్యాంగ్‌మన్ భుజాన మోసిన సుత్తి వీటిలో ఏ గదిలో పెట్టాలన్నా చోటు కుదరదు. అవి కళాఖండాలు కావు, పురావస్తువులూ కావు. అలాంటి వస్తువులకు స్థానిక చరిత్ర మ్యూజియమే ఇల్లు. అమెరికాలో చిన్న చిన్న పట్టణాల్లో రైళ్లు ఆగడం మానేసిన డిపోలను ఊరివాళ్లే బాగుచేసుకుని, ఊరి పాత ఫొటోలు, స్టేషన్ మాస్టర్ బల్ల, టెలిగ్రాఫ్ యంత్రం పెట్టి మ్యూజియాలుగా నడపడం మామూలు విషయం. మనకు దానికి దగ్గరగా వచ్చేది కాచిగూడ.

కాచిగూడ స్టేషన్ 1916లో కట్టారు. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి భవనాలకు రూపకల్పన చేసిన విన్సెంట్ ఎష్‌దే ఈ నిర్మాణం కూడా. నడుమ పెద్ద గుమ్మటం, రెండు పక్కలా చిన్న గుమ్మటాలు, మినార్లు. తెల్లటి ఆ ముఖద్వారం చూస్తే స్టేషన్ కన్నా నవాబుగారి దేవిడీ అనిపిస్తుంది. నిజాం రైల్వేకు ప్రధాన కార్యాలయం ఉన్న చోటు ఇది. స్టేషన్ ఆవరణలోనే ఆ రైల్వే చరిత్ర చెప్పే చిన్న మ్యూజియం ఉంది. చిన్నదే, అయినా ఇది సరైన చోట ఉన్న మ్యూజియం. పక్కనే రైళ్లు వస్తుంటాయి, పోతుంటాయి. ప్లాట్‌ఫారం మీద ప్రకటన వినిపిస్తూ ఉండగా నూరేళ్ల కిందటి రైలు వస్తువును చూడటం వేరు, అద్దాల బీరువాల మధ్య ఎక్కడో నగరం నడిబొడ్డున చూడటం వేరు. కాచిగూడలో భవనం కూడా ప్రదర్శనలో భాగమే. ఉప్పల్ నుంచి రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా బస్సులో పోతే తూర్పు శివార్ల వాళ్లకు ఇది దగ్గరే. అయినా చుట్టాలకు చూపించాల్సినవాటిలో దీని పేరు ఎవరూ చెప్పరు. స్టేషన్ అంటే రైలెక్కే చోటనే తప్ప చూసే చోటని మనం అనుకోం.

ఇలాంటి మ్యూజియంలో ఒక్క వస్తువు దగ్గర ఎంతసేపు నిలబడవచ్చో చెప్పడానికి రైల్వే మ్యూజియాల్లో తరచు కనిపించే టోకెన్ యంత్రం మంచి ఉదాహరణ. సింగిల్ లైన్ మీద రెండు స్టేషన్ల మధ్య ఒకేసారి రెండు రైళ్లు ఎదురెదురుగా బయల్దేరితే ప్రమాదం తప్పదు. దాన్ని ఆపడానికి ప్రతి స్టేషన్లోనూ ఓ ఇనుప యంత్రం ఉండేది, అందులో పిడికిట్లో పట్టేంత లోహపు గోళాలు. ఈ స్టేషన్ యంత్రమూ అవతలి స్టేషన్ యంత్రమూ కరెంటు తీగతో ముడిపడి ఉంటాయి. అవతలి స్టేషన్ మాస్టర్ గంట కొట్టి ఒప్పుకుంటే తప్ప ఇక్కడ గోళం బయటికి రాదు. ఒకటి బయటికి వచ్చిందంటే అది మళ్లీ ఏదో ఒక యంత్రంలోకి చేరేదాకా రెండో గోళం ఎక్కడా రాదు. ఆ గోళాన్ని తోలు సంచిలో వేసి, వెదురు రింగుకు కట్టి, కదులుతున్న ఇంజన్ డ్రైవర్ చేతికి అందించేవారు. గోళం చేతిలో ఉంటేనే ఆ లైను ఆ డ్రైవరుది. కంప్యూటర్లు రాకముందు లక్షలమంది ప్రాణాలు ఈ చిన్న గోళం మీద ఆధారపడ్డాయి. గాజు పెట్టెలో పెట్టి కింద రెండు మాటలు రాస్తే పిల్లలకు ఇదంతా ఏం తెలుస్తుంది? రెండు యంత్రాలు రెండు గోడలకు పెట్టి, ఇద్దరు పిల్లల్ని చెరోవైపు నిలబెట్టి గంట కొట్టిస్తే పది నిమిషాల్లో రైల్వే భద్రత అంటే ఏమిటో వాళ్లకే అర్థమవుతుంది. ఆ పని చూపించగలిగింది దాన్ని చేసినవాళ్లే. అలా చేసినవాళ్లలో చాలామంది రిటైరై మౌలాలిలోనో మల్కాజిగిరిలోనో ఉంటారు.

పాత కట్టడానికి సున్నం వేసి బోర్డు పెడితే మ్యూజియం అయిపోదు. ఇందులో రెండు దారులున్నాయి. పారిస్‌లో 1900 నాటి ప్రదర్శన కోసం కట్టిన ఓర్సే స్టేషన్ నలభై ఏళ్లకే పాతబడింది. పొడవాటి కొత్త రైళ్లకు దాని ప్లాట్‌ఫారాలు చాలలేదు. కూల్చివేత అంచుదాకా వెళ్లి, 1986లో ప్రపంచ ప్రసిద్ధ చిత్రకళా మ్యూజియంగా తెరుచుకుంది. భవనం బతికింది, సంతోషమే. అయితే అందులో రైలు జీవితం లేదు. రెండో దారి హర్యానాలోని రేవాడీది. అక్కడి ఆవిరి ఇంజన్ల షెడ్డు కట్టింది కూడా 1893లోనే, అంటే మన లాలాగూడ వర్క్‌షాపుకు ఈడుజోడు. ఆవిరి ఇంజన్లు పోయాక పాడుబడిన ఆ షెడ్డును ఉత్తర రైల్వే 2002 తర్వాత బాగుచేయించి, ఇంజన్లను మళ్లీ నిప్పు రాజేసి నడిపే స్థితికి తెచ్చింది. 1855లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజన్‌కు అదే ఇల్లు. అక్కడ ఇంజన్‌ను చూడటమే కాదు, దాన్ని నడిపే, మరమ్మతు చేసే పని కూడా చూడొచ్చు. మనకు కావలసింది రేవాడీ పద్ధతి. భవనాన్ని మాత్రమే కాపాడితే అది బయటి నుంచి ఫొటో తీసుకునే గోడగా మిగులుతుంది. పనిని కూడా కాపాడితే ఆ పని చేసినవాళ్ల మనవలు కూడా వచ్చి చూస్తారు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. నగరం పెరుగుతోంది, స్టేషన్లు పెరగాలి, జనం నిలబడ్డానికి చోటు లేనప్పుడు పాత గోడల గురించి మాట్లాడటం న్యాయమా అని. ఈ ప్రశ్న పక్కనపెట్టదగింది కాదు. సికింద్రాబాద్ స్టేషన్ తట్టుకోలేక పోయింది కాబట్టే 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచారు. సికింద్రాబాద్ కొత్త స్టేషన్‌కు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. రూ.700 కోట్లకు పైబడిన ఆ పనుల కోసం 2025 ఫిబ్రవరిలో పాత స్టేషన్ ముఖభాగాన్ని కూల్చేశారు. ఆ భవనమంతా 1874 నాటిది కాదు, తర్వాతి దశాబ్దాల్లో చాలా మార్పులు జరిగాయి. కాబట్టి పవిత్రమైన పురాతన కట్టడాన్ని నేలమట్టం చేశారని గుండెలు బాదుకోవడం కూడా అతిశయోక్తే. కొత్త స్టేషన్ అవసరం. అయినా ఆ కూల్చివేతలో ఒక లోటు ఉంది. ఆ ముఖద్వారం కమానుల కింద నుంచి తెలుగు నేల నలుమూలల నుంచీ ఉద్యోగాల కోసం, చదువుల కోసం, ఆసుపత్రుల కోసం తరాల తరబడి జనం నగరంలోకి అడుగుపెట్టారు. దాన్ని కొత్త నిర్మాణంలో కలుపుకోవచ్చా, కొంత భాగమైనా నిలపవచ్చా అన్న చర్చ ఊళ్లో విస్తృతంగా జరగాల్సింది, జరగలేదు. న్యూయార్క్‌లో 1963లో పెన్సిల్వేనియా స్టేషన్‌ను కూలగొట్టడం మొదలెట్టినప్పుడు వచ్చిన నిరసన ఆ భవనాన్ని కాపాడలేకపోయింది. అయితే 1965లో నగరానికి వారసత్వ కట్టడాల చట్టం వచ్చింది. ఆ చట్టం బలంతోనే తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నిలిచింది, అదీ రోజూ లక్షల మంది వాడే స్టేషన్‌గానే. తెలంగాణకు 2017లో వారసత్వ చట్టం వచ్చింది. చట్టం ఉంటే సరిపోదు, ఏవి కాపాడాలో జనానికి తెలియాలి. చూడనిదాన్ని ఎవరూ కాపాడమని అడగరు. అభివృద్ధి, వారసత్వం ఒకదానికొకటి అడ్డమనేవాళ్లు కాచిగూడ వైపు చూడాలి. నూరేళ్లు దాటిన భవనం, దాని కింద నేటి రైళ్లు, పక్కనే మ్యూజియం, మూడూ ఒకే ఆవరణలో ఇమిడి ఉన్నాయి.

చూడ్డానికెవరొస్తారు అన్నది తర్వాతి ప్రశ్న. విశాఖ బీచ్‌లో ఉన్న కుర్సుర దీనికి సమాధానం చెబుతుంది. 1969లో నౌకాదళంలో చేరిన ఆ జలాంతర్గామి 2001లో విరమించింది, 2002లో ఒడ్డుకు చేరి మ్యూజియం అయింది. లోపల నిలబడి నడవడానికి కూడా ఇరుకే, అలంకారాలేవీ లేవు, ఉన్నవన్నీ గొట్టాలూ మీటలూ. అయినా విశాఖ వెళ్లినవాళ్లు కుర్సుర చూడకుండా రావడం అరుదు. ఎందుకంటే అక్కడ వివరించేది రిటైరైన నౌకాదళం వాళ్లు. టార్పెడో గొట్టం దగ్గర నిలబడి ఇక్కడ ఇలా పడుకునేవాళ్లం, ఇలా తినేవాళ్లం అని చెబుతుంటే జనం నోరు తెరుచుకుని వింటారు. ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియం సంగతీ అంతే. గోదావరి ఆనకట్ట ఎలా కట్టారన్నది నమూనాలతో, ఆ పనికి సంబంధించిన వస్తువులతో ఆనకట్ట పక్కనే చూపిస్తారు. డెల్టా రైతు తన పొలానికి నీళ్లెలా వస్తున్నాయో అక్కడ చూసుకోగలడు. రెండింటిలోనూ పనిచేసే సూత్రం ఒకటే. తన బతుకుతో సంబంధమున్న దాన్ని మనిషి దూరమైనా వెళ్లి చూస్తాడు. ఇక రైల్వే స్టేషన్‌కు ఏ మ్యూజియానికీ లేని సౌకర్యం ఉంది. చూసేవాళ్లను వెతుక్కోనక్కర్లేదు. రైలుకు గంట ముందొచ్చి పిల్లల్ని ఆడించలేక సతమతమయ్యే కుటుంబాలు ప్రతి రోజూ వందల్లో అక్కడే ఉంటాయి.

ఇంకొక అభ్యంతరం మరింత లోతైనది. నిజాం రైల్వే, బ్రిటిష్ కంపెనీ, వాళ్ల ఘనతలను మళ్లీ ఎందుకు పొగడాలి? ఈ మాట తెలంగాణలో అనేవాళ్లకు బలమైన కారణాలున్నాయి. నా మటుకు ఇదే మ్యూజియం ఉండాలనడానికి పెద్ద కారణం. 1883లో ఆ రైల్వే కంపెనీ పుట్టుకే వివాదంతో జరిగింది. పెట్టుబడి లండన్‌ది, ఆ పెట్టుబడి మీద వడ్డీకి హామీ మాత్రం నిజాం ఖజానాది. లాభం చాలకపోయినా నష్టమొచ్చినా రైతు కట్టిన శిస్తులోంచి కంపెనీ వాటాదారులకు వడ్డీ పోతుంది. చాందా రైల్వే పథకంగా పేరుపడ్డ ఈ ఒప్పందాన్ని బయటపెట్టాలని, జనానికి చెప్పి చేయాలని హైదరాబాదులో చదువుకున్నవాళ్లు ఆందోళన చేశారు. వాళ్లలో ఒకరైన అఘోరనాథ్ చట్టోపాధ్యాయను ఉద్యోగంలోంచి తీసి నగరం నుంచే బహిష్కరించారు. సరోజినీ నాయుడు తండ్రి ఆయన. హైదరాబాదు రాజ్యంలో ప్రజాభిప్రాయం గొంతెత్తిన తొలి సందర్భాల్లో అదొకటి, అదీ రైలు గురించే. ఈ కథ లేకుండా గుమ్మటాలూ ఇంజన్లూ మాత్రమే చూపిస్తే అది భజనే అవుతుంది. 1974 మే నెలలో దేశమంతా రైళ్లు నిలిచిపోయిన సమ్మె గురించి చెప్పకపోయినా అంతే. అప్పుడు ఇరవై, పాతికేళ్ల వయసులో ఉన్న ఉద్యోగులు ఇప్పుడు డెబ్భైల్లో ఉంటారు. వాళ్లు చెప్పేది ఇప్పుడు రికార్డు చేసుకోకపోతే ఇంకో పదేళ్లకు చెప్పేవాళ్లుండరు. విమర్శ ఉన్నచోటే మ్యూజియానికి విలువ. విమర్శ ఉంటుంది గనక మ్యూజియమే వద్దంటే కంపెనీ చెప్పిన కథే చివరికి మిగులుతుంది.

అసలు మేడిపల్లి, నాచారం వైపు రైలు కాక ఇంకేముందని అడిగితే, చాలానే ఉంది. మౌలాలి గుట్ట పరిసరాల్లో ఇనుప యుగం నాటి రాక్షసగుళ్లు బయటపడ్డాయి. అంటే మూసీకి ఉత్తరాన ఈ రాళ్ల నేల మీద మనుషులు స్థిరపడి రెండు వేల ఏళ్లు ఎప్పుడో దాటింది. అదే గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. కవయిత్రి, గాయని, నిజాం దర్బారులో మాట చెల్లిన స్త్రీ. తల్లి కోసం 1792లో కట్టించిన ఆ తోటలోనే 1824లో తనూ విశ్రమించింది. పాడుబడి ముళ్లపొదలు కమ్ముకున్న ఆ ఆవరణను 2010 తర్వాత అమెరికా ప్రభుత్వం ఇచ్చిన నిధులతో బాగుచేశారు. ఇక మన కాలానికి వస్తే, 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్జీఆర్ఐ), 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ, మేడిపల్లి పక్కన అతి ఎక్కువ వోల్టేజీ పరికరాలను పరీక్షించే సీపీఆర్ఐ ప్రయోగశాల. దేశంలో ఓటింగు యంత్రాలు తయారుచేసే సంస్థలు రెండే, అందులో ఒకటి ఈసీఐఎల్. ఒకప్పుడు వీధికి ఒక్కటిగా ఉండి దూరదర్శన్‌లో చిత్రలహరి వచ్చే నాడు ఇంటిల్లిపాదినీ పొరుగింటికి రప్పించిన ఈసీ టీవీ ఇక్కడి చేతుల్లోంచి వచ్చిందే. నాచారంలో ఎన్టీ రామారావు కట్టించిన రామకృష్ణ స్టూడియో ఉంది. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలడంలో దాని పాత్ర చిన్నది కాదు. పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు మూసీ నీటితో గడ్డి పెంచి తెల్లవారకముందే కోసి నగరంలోని పాడివాళ్లకు అమ్మిన రైతుల కథ ఏ పుస్తకంలోనూ పెద్దగా కనిపించదు. ఆ పొలాలు చాలావరకు ప్లాట్లయ్యాయి. కొడవలి, గడ్డి మోపు కట్టే తాడు, ఆ రైతుల ఫొటోలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో దొరక్కపోవు. ఇవన్నీ ఒక్క గదిలో పెట్టినా చాలు, వెంచర్లు తప్ప ఏమీ లేవనుకున్న ప్రాంతం వేరుగా కనిపిస్తుంది.

గది ఎక్కడన్నది కష్టమైన ప్రశ్న కాదు. చర్లపల్లి టెర్మినల్ ఈ లైను మీది కొత్త ద్వారం. దూరప్రాంతాల రైళ్లు అక్కడి నుంచి బయల్దేరుతున్నాయి, మేడిపల్లి వాళ్లకు సికింద్రాబాద్ కంటే దగ్గర. అంత పెద్ద ఆవరణలో ఒక్క హాలు ఈ తూర్పు లైనుకూ, చుట్టుపక్కల ఊళ్లకూ కేటాయించడం రైల్వేకు భారం కాదు. లాలాగూడ వర్క్‌షాపు పనిచేసే చోటు, రోజూ జనాన్ని లోపలికి రానిస్తే భద్రతకు ఇబ్బందే. అందుకూ మార్గముంది. ఫ్రాన్స్ 1984లో ఒక పద్ధతి మొదలుపెట్టింది. మామూలుగా తలుపులు మూసి ఉండే కార్యాలయాలు, కర్మాగారాలు, భవనాలను ఏడాదికోసారి రెండు రోజులు అందరికీ తెరుస్తారు. ఇప్పుడు యూరప్ అంతటా అది జరుగుతోంది. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. ఆ ఒక్క రోజు లాలాగూడ గేటు తెరిచి, స్కూలు పిల్లల్ని బృందాలుగా లోపలికి తీసుకెళ్లి, పెట్టెను చక్రాల మీద నుంచి ఎత్తి బాగుచేయడం చూపిస్తే ఉత్పత్తి ఆగిపోదు. ఎవరో ఒకరు గట్టిగా అడిగితే, ఒక అధికారి మనసు పెడితే జరిగే పనే ఇది.

ఆ గది వచ్చేదాకా ఊరికే కూర్చోనక్కర్లేదు. ఒక ఆదివారం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఎన్జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక దాటి మెట్టుగూడలో దిగి రైల్వే క్వార్టర్ల వీధుల్లో నడవండి. కాచిగూడ స్టేషన్‌కు రైలెక్కే పని లేకపోయినా వెళ్లి, మ్యూజియం తెరిచే వేళలు కనుక్కుని పిల్లలకు చూపించండి. మౌలాలి గుట్టెక్కి దిగాక మహలఖా బాయి తోటలో కాసేపు ఆగండి. వస్తువు చూసినప్పుడు ఇది ఎవరు చేశారు, ఎవరు వాడారు, ఎంత జీతానికి అని పిల్లలతో అడిగించండి. మ్యూజియం వాళ్లకు జవాబు తెలియకపోతే ఆ ప్రశ్న వాళ్ల రిజిస్టర్లో రాసి రండి. అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇళ్లలోనే ఉంది. మీ ఇంట్లో తాతగారు రైల్వేలోనో, ఈసీఐఎల్‌లోనో, ఆర్టీసీలోనో పనిచేసి ఉంటే, ఆయన పాసులు, గుర్తింపు కార్డు, అట్ట టికెట్లు, యూనిఫాం బొత్తాలు, సమ్మెనాటి కరపత్రాలు పాతసామానువాడికి వేయకండి. ఫొటోల వెనక మనుషుల పేర్లు, ఏడాది, చోటు పెన్సిల్‌తో రాసి పెట్టండి. ఆయన ఇంకా ఉంటే ఫోన్లో ఓ గంటసేపు మాట్లాడించి రికార్డు చేయండి. చర్లపల్లిలో హాలు కావాలని మీ కాలనీ సంఘం తరఫున దక్షిణ మధ్య రైల్వే జనరల్ మేనేజర్‌కూ, మీ ఎమ్మెల్యేకూ, ఎంపీకీ ఒక్కో ఉత్తరం రాయండి. ఆ ఉత్తరంతో పాటు, మ్యూజియానికి ఇవ్వడానికి మీ కాలనీ ఇళ్లలో ఉన్న వస్తువుల జాబితా కూడా జతచేయండి.